ఎస్‌యూ కొడితే ఒకసారి వస్తోంది, ఒకసారి రావట్లేదు (డెబియన్ 12)

విత్తనాల_కొట్టు
నాన్న విత్తనాల కొట్టులో ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద పోయిన వారం డెబియన్ 12 లైనక్స్ వేశాను, గ్నోమ్ డెస్క్‌టాప్‌తో. బిల్లులు, రైతుల అప్పుల లెక్క అన్నీ లిబ్రేఆఫీస్‌లోనే. ఇప్పుడు ప్రింటర్ కోసం హెచ్‌పీలిప్ డ్రైవర్ వేయాలి. అక్కడే ఇరుక్కుపోయాను.

సుడో (అడ్మిన్ హక్కుతో కమాండ్ నడిపేది) పెట్టి కొడితే నా పేరు సుడోయర్స్ ఫైల్‌లో (ఆ హక్కు ఎవరికుందో రాసి ఉండే ఫైల్) లేదంటోంది. కింద ఇంకో లైను, ఈ విషయం అడ్మినిస్ట్రేటర్‌కి రిపోర్ట్ చేశామని. పక్కనే ఉన్న నాన్న అది చూసి "ఎవరికి చెప్పారమ్మా?" అని ఒకటే టెన్షన్.

సరే అని ఎస్‌యూ (వేరే యూజర్‌గా మారే కమాండ్) కొట్టి రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ అకౌంట్) పాస్‌వర్డ్ ఇచ్చాను. ఒకసారి లోపలికి వెళ్తోంది. ఇంకోసారి "ఆథెంటికేషన్ ఫెయిల్యూర్" అంటోంది. పాస్‌వర్డ్ కాగితం మీద రాసిపెట్టుకుని చూసి మరీ కొడుతున్నాను. పోనీ లోపలికి వెళ్లినప్పుడైనా పని అవుతుందా అంటే, యాడ్‌యూజర్ కొడితే "కమాండ్ నాట్ ఫౌండ్". ఆప్ట్ ఇన్‌స్టాల్ కొడితే డౌన్‌లోడ్ అంతా అయ్యాక ఎల్‌డీకాన్ఫిగ్ లేదు, స్టార్ట్-స్టాప్-డీమన్ లేదు అని ఆగిపోతోంది. రూట్ అయ్యాక కూడా కమాండ్ దొరక్కపోవడం ఏంటి? మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలా? ఖరీఫ్ మొదలైంది, కొట్టు ఖాళీగా ఉండట్లేదు.

ఉబుంటు_ఊరు
ఎస్‌యూ పని చేయదు తమ్ముడూ. రూట్ అకౌంట్‌కి తాళం వేసి ఉంటుంది. సుడోతో రూట్‌కి కొత్త పాస్‌వర్డ్ పెట్టు, అయిపోతుంది.

గోదారి_గట్టు
పైన చెప్పింది ఉబుంటు సంగతి. ఇక్కడ అడిగింది డెబియన్ గురించి. అయినా సుడోనే రానివ్వట్లేదు అంటుంటే, సుడోతో రూట్ పాస్‌వర్డ్ ఎలా మారుస్తారండి?

ఉబుంటు_ఊరు
నిజమే, డెబియన్ అన్న మాట చూసుకోలేదు. ఉబుంటులో అయితే రూట్‌కి పాస్‌వర్డే ఉండదు, అందుకే ఎన్నిసార్లు ఎస్‌యూ కొట్టినా ఫెయిల్యూరే. మన సొంత పాస్‌వర్డ్‌తో సుడో, చిన్న గీత, ఐ కొడితే రూట్ షెల్ వస్తుంది.

విత్తనాల_కొట్టు
తమ్ముడు కాదండి, చెల్లిని.

పాత_కన్సోల్
మళ్లీ ఇన్‌స్టాల్ చేయొద్దమ్మా, అవసరం లేదు. మూడు వేరు వేరు సమస్యలు ఒకేసారి మీద పడ్డాయి. విడదీసి చూద్దాం.

ముందు సుడో. డెబియన్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు మధ్యలో రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్కడ ఏదైనా ఇచ్చామంటే రూట్ అకౌంట్ విడిగా ఉంటుంది, మన యూజర్‌ని సుడో గ్రూపులో చేర్చదు. ఖాళీగా వదిలేస్తే రూట్‌కి తాళం వేసి మన యూజర్‌ని ఆ గ్రూపులో చేరుస్తుంది. ఆ తెర మీదే ఈ ముక్క రాసి ఉంటుంది. హడావుడిలో ఎవరం చదవం. నువ్వు పాస్‌వర్డ్ ఇచ్చావు కాబట్టి సుడో నిన్ను గుర్తుపట్టట్లేదు.

రెండోది, కమాండ్ దొరక్కపోవడం. ఉత్త ఎస్‌యూ కొడితే నువ్వు రూట్ అవుతావు కానీ నీ పాత పాత్ (కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితా) నీతోనే వస్తుంది. యాడ్‌యూజర్, యూజర్‌మాడ్, ఎల్‌డీకాన్ఫిగ్ ఇవన్నీ ఉండేది ఎస్‌బిన్ ఫోల్డర్లలో. మామూలు యూజర్ పాత్‌లో ఎస్‌బిన్ ఉండదు. ఎస్‌యూ కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ఒక హైఫన్ పెట్టు. అప్పుడు రూటే నేరుగా లాగిన్ అయినట్టు లెక్క, పాత్ కూడా రూట్‌దే వస్తుంది. 2019లో డెబియన్ 10 వచ్చేదాకా ఈ బాధ లేదు, ఉత్త ఎస్‌యూ కూడా పాత్ మార్చేది. ఆ వెర్షన్‌లో షాడో ప్యాకేజీ ఎస్‌యూ తీసేసి యుటిల్-లైనక్స్ ఎస్‌యూ పెట్టారు. పాత అలవాటు ఉన్నవాళ్లం చాలామందిమి అక్కడ ఎదురుదెబ్బ తిన్నాం.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఎస్‌యూ హైఫన్ కొట్టి రూట్ పాస్‌వర్డ్ ఇవ్వు. లోపలికి వెళ్లాక యాడ్‌యూజర్, తర్వాత నీ యూజర్ పేరు, తర్వాత సుడో అని ఒకే లైనులో కొట్టు. ఆ తర్వాత డెస్క్‌టాప్ నుంచే లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు. గ్రూప్స్ అని కొట్టి చూడు, జాబితాలో సుడో కనపడాలి.

మూడోది, ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడం. ఇది నాకూ అంతు పట్టలేదు. ఎప్పుడు వస్తోందో ఎప్పుడు రావట్లేదో కాస్త గమనించి చెప్పు.

నైట్_డ్యూటీ
నాన్నగారికి చెప్పండి, ఆ రిపోర్ట్ ఎక్కడికీ పోదు. ఆ ల్యాప్‌టాప్ లోపలి లాగ్‌లో ఒక లైను పడుతుంది, అంతే. అందులో మెయిల్ సర్వర్ ఏదైనా పెట్టి ఉంటే రూట్ పేరు మీద ఒక మెయిల్ కూడా వెళ్తుంది. ఆ మిషన్‌కి అడ్మినిస్ట్రేటర్ మీరే. చూడాలనిపిస్తే జర్నల్‌సీటీఎల్ (లాగ్ చూపించే కమాండ్) కొడితే కనిపిస్తుంది. పాత వెర్షన్లలో ఉండే ఆథ్ లాగ్ ఫైల్ కోసం వెతక్కండి, డెబియన్ 12లో ఆ ఫైల్ రాసే ఆర్‌సిస్‌లాగ్ మామూలుగా రాదు.

వంకాయ_బజ్జీ
ఇంత తిప్పలెందుకు? సుడోయర్స్‌లో నో పాస్‌వర్డ్ అని పెట్టేస్తే ఎవరినీ ఏమీ అడగదు. నా ల్యాప్‌టాప్‌లో రెండేళ్లుగా అలాగే ఉంది.

గోదారి_గట్టు
మీ గదిలో ఉండే ల్యాప్‌టాప్ వేరు, కొట్టు కౌంటర్ మీద తెరిచి ఉండే ల్యాప్‌టాప్ వేరు. ఆవిడ భోజనానికి వెళ్తే ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఊరి రైతుల బాకీలన్నీ అందులోనే ఉన్నాయి. దయచేసి ఆ సలహా ఇవ్వకండి.

వంకాయ_బజ్జీ
బాకీల ఫైలు మామూలు యూజర్ దగ్గరే ఉంది కదండీ. సుడోకి పాస్‌వర్డ్ ఉన్నా లేకపోయినా కౌంటర్ మీద కూర్చున్నవాడు దాన్ని చెరిపేయగలడు.

పాత_కన్సోల్
ఆ మాట నిజమే బజ్జీ. ఫైలుని కాపాడేది తెర తాళం, బ్యాకప్. కానీ నో పాస్‌వర్డ్ పెడితే, ఏదో వెబ్‌సైట్‌లో దొరికిన స్క్రిప్ట్ నడిపినప్పుడు అది సుడో అని రాసుకుని ఉంటే అడ్డుకునేది ఏదీ ఉండదు. పాస్‌వర్డ్ అడిగినప్పుడైనా మనిషి ఒక్క క్షణం ఆగి "దీనికి రూట్ ఎందుకు?" అనుకుంటాడు. నాకు ఆ ఒక్క క్షణం కావాలి.

మీర్‌పేట్_మధు
అన్నా, ఒక డౌట్. ఎస్‌యూ అంటే సూపర్ యూజరే కదా?

గోదారి_గట్టు
కాదు. మాన్యువల్ పేజీలో సబ్‌స్టిట్యూట్ యూజర్ అని ఉంటుంది, అంటే ఒకరి స్థానంలోకి ఇంకొకరు వెళ్లడం. పేరు ఇవ్వకపోతే రూట్ అనుకుంటుంది. పేరిస్తే వేరే ఏ యూజర్‌లోకైనా మారొచ్చు, వాళ్ల పాస్‌వర్డ్ తెలిస్తే. తేడా అక్కడే ఉంది. ఎస్‌యూ ఎదుటివాళ్ల పాస్‌వర్డ్ అడుగుతుంది, సుడో మన పాస్‌వర్డ్ అడుగుతుంది. సగం మంది ఇబ్బంది ఈ ఒక్క ముక్క తెలియక వస్తున్నదే.

విత్తనాల_కొట్టు
పాత_కన్సోల్ గారూ, సగం దారికి వచ్చాను! పొద్దున కొట్టు తెరవగానే ఎస్‌యూ హైఫన్ కొట్టాను, యాడ్‌యూజర్ పని చేసింది. లాగౌట్ అయి వచ్చాను, గ్రూప్స్‌లో సుడో కనపడింది. సుడో ఆప్ట్ అప్‌డేట్ కూడా అయింది. ఇంతలో జనం వచ్చారు, ఆపేశాను.

సాయంత్రం ఏడింటికి మళ్లీ కూర్చుంటే సుడో "సారీ, ట్రై అగైన్" అంటోంది. మూడుసార్లు. ఈసారి అడిగేది రూట్ పాస్‌వర్డ్ కూడా కాదు, నా సొంత పాస్‌వర్డ్. రోజూ లాగిన్ అయ్యేదే! నిన్న, మొన్న కూడా పొద్దున వచ్చింది, సాయంత్రం రాలేదు. గుర్తు చేసుకుంటే ప్రతిసారీ అంతే.

వంకాయ_బజ్జీ
క్యాప్స్ లాక్?

విత్తనాల_కొట్టు
లైటు చూసుకున్నాను. వెలగట్లేదు.

ఆర్చ్_అభిమాని
నాకు తెలిసిన రోగమే అనుకుంటా. మూడుసార్లు తప్పు కొడితే ఫెయిల్‌లాక్ అనేది అకౌంట్‌ని పది నిమిషాలు మూసేస్తుంది. ఆ పది నిమిషాల్లో సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తప్పనే అంటుంది. ఆర్చ్ లైనక్స్‌లో నేను పాస్‌వర్డ్ మర్చిపోయాననుకుని ఒక రాత్రంతా కూర్చున్నాను.

నైట్_డ్యూటీ
ఆర్చ్‌లో అది మామూలుగానే ఉంటుంది. డెబియన్‌లో మనం పెట్టుకుంటే తప్ప ఉండదు. అదీగాక, మొదటిసారి కొట్టినప్పుడే తప్పంటోందిగా.

మీర్‌పేట్_మధు
టెర్మినల్‌లో పాస్‌వర్డ్‌ని మామూలుగా కమాండ్ లాగా టైప్ చేసి చూడక్కా. ఏం పడుతోందో కనిపిస్తుంది.

నైట్_డ్యూటీ
వద్దు. పొరపాటున ఎంటర్ నొక్కితే హిస్టరీలో ఉండిపోతుంది. ఖాళీ టెక్స్ట్ ఎడిటర్‌లో టైప్ చేసి చూసి, సేవ్ చేయకుండా మూసేయండి. అది కూడా పక్కన ఎవరూ లేనప్పుడు.

పాత_కన్సోల్
ఒక పని చెయ్యి. సాయంత్రం రానప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కు. నల్ల తెర వస్తుంది. అక్కడ లాగిన్ అయి చూడు. తిరిగి డెస్క్‌టాప్‌కి రావడానికి ఎఫ్2 గానీ ఎఫ్1 గానీ.

విత్తనాల_కొట్టు
చేశాను. నల్ల తెరలో మొదటిసారికే లోపలికి వెళ్లింది! సుడో కూడా పని చేసింది. వెనక్కి డెస్క్‌టాప్ టెర్మినల్‌కి వస్తే మళ్లీ సారీ. నాకు ఏడుపొస్తోంది.

లైబ్రరీ_సార్
రెండు ప్రశ్నలు అడుగుతాను. టెర్మినల్‌లో సుడో కమాండ్ ప్రతిసారీ అక్షరాలు కొట్టి రాస్తున్నావా, పై బాణం నొక్కి పాతది తెచ్చుకుంటున్నావా? సాయంత్రం పూట ఆ ల్యాప్‌టాప్ మీద తెలుగులో ఎవరైనా టైప్ చేస్తున్నారా?

విత్తనాల_కొట్టు
పై బాణమే సార్. అంత పొడుగు కమాండ్ మళ్లీ ఎవరు కొడతారని.

నాన్న సాయంత్రం ఆరింటికి కూర్చుని ఆ రోజు బాకీలు ఎక్కిస్తారు. రైతుల పేర్లు తెలుగులోనే రాస్తారు. నేనే ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు అమరిక) పెట్టి నేర్పించాను.

అయ్యో. సార్, అదేనా?

లైబ్రరీ_సార్
అదే అయ్యుంటుంది. గ్నోమ్‌లో మామూలుగా కీబోర్డు భాష అన్ని కిటికీలకీ ఒక్కటే. నాన్నగారు లిబ్రేఆఫీస్‌లో తెలుగుకి మార్చి, పని అయ్యాక అలాగే వదిలి లేస్తారు. నువ్వు వచ్చి టెర్మినల్ తెరుస్తావు. చేత్తో సుడో అని కొట్టి ఉంటే మొదటి అక్షరానికే తెలిసిపోయేది, ఎస్ నొక్కితే ఏత్వం, యూ నొక్కితే హ పడేవి. పై బాణానికి భాషతో పని లేదు, పాత కమాండ్ ఇంగ్లీషులోనే వచ్చి నిలబడుతుంది. తర్వాత పాస్‌వర్డ్. అక్కడ టెర్మినల్ చుక్క కూడా చూపించదు. నువ్వు కె కొడితే క, జె కొడితే ర, ఎల్ కొడితే త, హెచ్ కొడితే ప వెళ్తున్నాయి. నీ వేళ్లు ఒక్క తప్పు కూడా చేయట్లేదు తల్లీ.

నల్ల తెరకి గ్నోమ్ పెట్టుకున్న భాషతో సంబంధం లేదు. దాని కీబోర్డు ఇన్‌స్టాల్ చేసినప్పుడు పెట్టిన ఇంగ్లీషే. అందుకే అక్కడ వచ్చింది.

మా కాలేజీ ల్యాబులో ఇదే జరిగింది. తెలుగు టైపింగ్ క్లాసు అయిపోయి వెంటనే లైనక్స్ క్లాసు. ముందు వరసలో ఉన్న ఎనిమిది మందికీ సుడో రావట్లేదు. పాస్‌వర్డ్‌లు మార్చాను, యూజర్లని తీసేసి కొత్తగా చేశాను, చివరికి ఒక అమ్మాయి తప్పుడు కమాండ్ చెరిపి మళ్లీ చేత్తో కొట్టేసరికి తెర మీద తెలుగు పడింది. ఆ రోజు నుంచి "సారీ" అంటే ముందు తెర పైభాగం చూడమంటాను. కుడివైపు మూల ఈఎన్ ఉందా, టీఈ ఉందా?

విత్తనాల_కొట్టు
టీఈ ఉంది.

విత్తనాల_కొట్టు
సూపర్ కీ, స్పేస్ కలిపి నొక్కాను. ఈఎన్ వచ్చింది. సుడో మొదటి దెబ్బకే తీసుకుంది. హెచ్‌పీలిప్ దిగుతోంది. సార్, మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

వంకాయ_బజ్జీ
నేనైతే ఈపాటికి ఫార్మాట్ కొట్టేసేవాణ్ణి. పై బాణం సంగతి అడగాలని ఎలా తట్టింది సార్ మీకు!

మీర్‌పేట్_మధు
లాగిన్ తెరలో పాస్‌వర్డ్ కొడితే కనీసం చుక్కలు వస్తాయి. సుడోలో కూడా వస్తే బాగుండు.

గోదారి_గట్టు
వస్తాయి. వీసుడో తెరిచి డిఫాల్ట్స్ కింద పీడబ్ల్యూఫీడ్‌బ్యాక్ అని పెడితే నక్షత్రాలు పడతాయి. లైనక్స్ మింట్‌లో ముందే పెట్టి ఇస్తారు. కాకపోతే తెలుగు అక్షరం కొట్టినా నక్షత్రమే పడుతుంది, ఈ సమస్యకి మందు కాదు.

ఇంకో మాట, సుడోయర్స్ ఫైల్‌ని ఎప్పుడూ వీసుడోతోనే తెరవండి. మామూలు ఎడిటర్‌తో తెరిచి రాసిన దాంట్లో తప్పు పడితే సుడో చిక్కుల్లో పడొచ్చు. వీసుడో అయితే సేవ్ చేసే ముందే తప్పుని పట్టుకుంటుంది.

ఉబుంటు_ఊరు
గ్రూపుల మాట వచ్చింది కాబట్టి నాకు జరిగింది చెప్తాను, ఇంకెవరికీ జరగకూడదు. డాకర్ గ్రూపులో చేరడానికి యూజర్‌మాడ్, పెద్ద జీ, డాకర్ అని కొట్టాను. చిన్న ఏ పెట్టలేదు. ఆ ఏ లేకపోతే "దీనికి చేర్చు" అని కాదు, "మిగతావన్నీ తీసేసి ఇది ఒక్కటే ఉంచు" అని అర్థం. సుడో గ్రూపులోంచి నన్ను నేనే తీసేసుకున్నాను. లాగౌట్ అయ్యేదాకా తెలియలేదు కూడా. ఉబుంటులో రూట్ పాస్‌వర్డ్ ఉండదుగా, రికవరీ మోడ్‌లోకి వెళ్లి బయటపడ్డాను.

కాకినాడ_కాజా
ఉబుంటు_ఊరు గారూ, ఆ రికవరీ మోడ్ ఎలాగో చెప్తారా? నాది ఇంకా ఘోరం. ఒక వీడియో చూసి, ప్రోగ్రాములన్నీ ఉండే యూఎస్‌ఆర్ ఫోల్డర్ మొత్తానికి సీహెచ్‌మాడ్ 777 (ఎవరైనా మార్చగలిగేలా తెరిచేసే కమాండ్) కొట్టాను. ఇప్పుడు సుడో అంటే, ఓనర్ యూఐడీ 0 అయ్యుండాలి, సెట్‌యూఐడీ బిట్ ఉండాలి అంటోంది. ఎస్‌యూ కూడా చచ్చింది. ఉబుంటు 22.04. లోపల ప్రాజెక్ట్ ఉంది, వచ్చే వారం సబ్మిట్ చేయాలి.

పాత_కన్సోల్
ముందు గాభరా పడకు. నీ ప్రాజెక్ట్ ఫైళ్లు హోమ్‌లో ఉంటాయి, వాటికేం కాలేదు. ఇప్పుడే, ఇంకేమీ చేయకముందే, వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. అది అయ్యాకే కిందది చదువు.

సుడో, ఎస్‌యూ ఇవి మామూలు ప్రోగ్రాముల్లాంటివి కావు. ఎవరు నడిపినా ఓనర్ అయిన రూట్ హక్కుతో నడుస్తాయి, దానికి గుర్తే సెట్‌యూఐడీ బిట్. నువ్వు 777 కొట్టినప్పుడు ఆ బిట్ చెరిగిపోయింది. సుడో లాంటిదే అయిన పీకేఎగ్జెక్‌ది కూడా పోయి ఉంటుంది, కాబట్టి ఆ దారీ మూసుకుంది. మిషన్ ఆన్‌లో ఉండగా రూట్ అవ్వడానికి మామూలు తలుపు ఇంకేదీ లేదు.

రీస్టార్ట్ చెయ్యి. పాత బయోస్ అయితే షిఫ్ట్ పట్టుకో, యూఈఎఫ్ఐ అయితే ఎస్కేప్ నొక్కు. గ్రబ్ (బూట్) మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో రికవరీ మోడ్, అందులో రూట్ షెల్. అక్కడ డిస్క్ రీడ్ ఓన్లీగా ఉండొచ్చు. మౌంట్, హైఫన్ ఓ, రీమౌంట్ కామా ఆర్‌డబ్ల్యూ, చివర స్లాష్ అని కొడితే రాయడానికి వీలవుతుంది. తర్వాత యూఎస్‌ఆర్ బిన్‌లో ఉన్న సుడోకి, ఎస్‌యూకి, పీకేఎగ్జెక్‌కి సీహెచ్‌మాడ్ 4755 కొట్టు. ముందున్న ఆ 4 మర్చిపోకు, పోయిన బిట్ అదే.

యూఎస్‌ఆర్‌లోనే ఉండే సుడో ప్లగిన్ ఫైల్ సుడోయర్స్ డాట్ ఎస్‌ఓకి కూడా సీహెచ్‌మాడ్ 644 కొట్టు, అది ఎవరైనా మార్చగలిగేలా ఉంటే సుడో దాన్ని లోడ్ చేయదు. దీంతో సుడో లేచి కూర్చుంటుంది. కానీ యూఎస్‌ఆర్‌లో మిగతా వేల ఫైళ్లు ఎవరైనా మార్చగలిగేలా తెరిచి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ సరిచేయాలని చూడకు. ప్రాజెక్ట్ సబ్మిట్ చేశాక తాపీగా కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకో. విత్తనాల_కొట్టుకి వద్దన్నాను, నీకు మాత్రం చేయమంటున్నాను.

నైట్_డ్యూటీ
ఇది చదివి డెబియన్ వాళ్లెవరైనా ప్రయత్నిస్తే ఒక తేడా ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలి ఉంటే, డెబియన్ రికవరీ మోడ్ "రూట్ అకౌంట్‌కి తాళం ఉంది" అని లోపలికి రానివ్వదు. అప్పుడు గ్రబ్‌లో ఈ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైను చివర ఇనిట్ ఈక్వల్స్ స్లాష్ బిన్ స్లాష్ బాష్ రాసి ఎఫ్10 కొట్టాలి.

వంకాయ_బజ్జీ
అంటే మిషన్ చేతికి దొరికితే ఎవరైనా రూట్ అయిపోవచ్చా?

నైట్_డ్యూటీ
డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉండకపోతే, అవును. కొట్టు ల్యాప్‌టాప్ విషయంలో అది కూడా ఆలోచించండి.

కాకినాడ_కాజా
సుడో వచ్చింది. ప్రాజెక్ట్ పెన్‌డ్రైవ్‌లో ఒకటి, డ్రైవ్‌లో ఒకటి రెండు కాపీలు పెట్టాను. పాత_కన్సోల్ గారూ, రాత్రి నిద్ర పట్టింది మీ వల్ల.

విత్తనాల_కొట్టు
ప్రింటర్ పని చేస్తోంది. మొదటి బిల్లు రెండు బస్తాల వరి విత్తనాలకి, రైతు పేరు తెలుగులో. నాన్న ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని ఇచ్చారు.

భాష మార్చి వెళ్లమని నాన్నకి చెప్తే ఏడింటికి జనం మధ్యలో గుర్తుండదు. అందుకే పై బాణం నొక్కాక ఎంటర్ కొట్టే ముందు ఒక అక్షరం కొట్టి చూసి చెరిపేస్తున్నాను. తెలుగు పడితే మార్చుకుంటాను. లైబ్రరీ_సార్, మీ ల్యాబులో కూడా ఇది పనికొస్తుందేమో.

లైబ్రరీ_సార్
పనికొస్తుంది. సోమవారం క్లాసులో చెప్తాను.